అనుగ్రహం ఎవరికి?

పోయిన సంక్రాంతికి ఆళ్ళగడ్డలో మా చిన్నమ్మ వాళ్ళ ఇల్లు సర్దడానికి వెళ్ళాను. మిద్దెమీది గదిలో పాత ట్రంకుపెట్టె తెరిస్తే అడుగున నాలుగు వీడియో క్యాసెట్లు బయటపడ్డాయి. మూడు మా వాళ్ళ పెళ్ళిళ్ళవి. నాలుగోదాని మీద అంటించిన కాగితంపై బాల్‌పెన్నుతో ‘అనుగ్రహం’ అని రాసి వుంది. లోపలి నల్లటి టేపు చుట్టమీద తెల్లగా బూజు పట్టింది.

“వీటిని పారేద్దామా చిన్నమ్మా?” అని అడిగాను.

“ఆ పెండ్లి క్యాసెట్లు ఏమన్నా చేసుకో. అది మాత్రం పారేయాకు అమ్మీ” అంది చిన్నమ్మ.

పెళ్ళి క్యాసెట్ల కంటే విలువైన సినిమా క్యాసెట్టా అని మీకు అనిపించవచ్చు. దాని వెనకున్న సంగతి తెలిస్తే మీరూ పారేయనివ్వరు.

అద్దె టీవీ, అద్దె వీసీఆర్

1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగినప్పుడు మన దేశంలోకి రంగుల టీవీ వచ్చింది. దాని వెనకే వీసీఆర్ కూడా వచ్చింది. అయితే మా నంద్యాల, ఆళ్ళగడ్డల్లో సొంతానికి కొనుక్కున్న వాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే. మిగతావాళ్ళం అద్దెకు తెచ్చుకునేవాళ్ళం. ఇంట్లో శుభకార్యం జరిగితే ఆ రాత్రికి వీడియో వుండాల్సిందే. టీవీ, వీసీఆర్, స్టెబిలైజరు రిక్షాలో వచ్చేవి. వాటితోపాటు ఒక పిల్లవాడు కూడా వచ్చి, వైర్లు తగిలించి, ఏ మీట ఏమిటో చూపించి వెళ్ళేవాడు. తెల్లారి పది గంటలకల్లా అన్నీ వాపసు పోవాలి. కాబట్టి రాత్రంతా కూర్చుని మూడు నాలుగు సినిమాలు చూసేసేవాళ్ళం.

ఇందులో ఆడవాళ్ళకు ఒక సుఖం వుండేది. సెకండు షోకు పోవాలంటే సవాలక్ష అభ్యంతరాలు. తోడెవరు, పిల్లల్ని ఎవరు చూస్తారు, తెల్లవారుజామున లేచేదెవరు? ఇంట్లో అయితే ఆ బాధ లేదు. వంటింటి పని ముగించుకుని, కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చోవచ్చు.

1987లో నేను నంద్యాలలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మా పెద్దమ్మ మనవడికి అహోబిలంలో పుట్టువెంట్రుకలు తీయించి, సాయంత్రానికి అందరం ఆళ్ళగడ్డకు చిన్నమ్మ ఇంటికి చేరాం. ఆ రాత్రి వీడియో పెట్టించారు. మగవాళ్ళ కోసం ఒక ఫైటింగు సినిమా, పెద్దవాళ్ళకు ఒక పౌరాణికం వచ్చాయి. మూడోది వాణిశ్రీ సినిమా కావాలని మా జేజి గట్టిగా చెప్పడంతో ఆ పిల్లవాడు వెతికి ఇదొకటి తెచ్చి పెట్టాడు. “ఇది ఎవరూ అడగరు అవ్వా, చూసి చెప్పండి” అన్నాడు.

ఆ రోజు చిన్నమ్మ నిద్రపోని కారణం వేరే వుంది. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా ఆమెకు పిల్లలు లేరు. పొద్దున అహోబిలంలో పిల్లవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకునే వేళ ఎవరో ఆమెను పక్కకు జరగమన్నారు. ఏమీ అనకుండా జరిగింది. వచ్చే అమావాస్యకు ఆమెను ఒక స్వామి దగ్గరికి తీసుకుపోవాలని పెద్దవాళ్ళు అప్పటికే నిర్ణయించారు. ఆయన వరసగా తొమ్మిది వారాలు పరగడుపున ఏదో పసరు తాగిస్తాడట. అంతకు రెండేళ్ళ ముందు ఇంకొకచోట ఇలాంటి పసరే తాగి ఆమె పదిరోజులు మంచం పట్టింది. అయినా వద్దని ఎవరితోనూ అనలేకపోయింది.

తలా తోకా లేని సినిమా

మూడో క్యాసెట్టు పెట్టేసరికి రాత్రి ఒంటిగంట దాటింది. మగవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ పడి నిద్రపోయారు. మేం ఆరేడుగురం ఆడవాళ్ళం మాత్రం మిగిలాం. ‘ప్రేమ్‌నగర్’, ‘జీవన తరంగాలు’ చూసి వాణిశ్రీ కొప్పునూ, చీరకట్టునూ అద్దంముందు సాధన చేసిన తరం అది. తీరా చూస్తే ఈ సినిమాలో ఆ తళుకులేవీ లేవు. పల్లెటూరి బ్రాహ్మణ ఇల్లాలుగా మామూలుగా వుంది. పాటకు పరుగెత్తడం లేదు, డైలాగుకు చప్పట్లు లేవు. అరగంటకే మా జేజి విసుక్కుంది. “ఏందిది, తలా తోకా లేదు. కలా నిజమా?” అని అటు తిరిగి పడుకుంది.

జేజి విసుగుతో అన్నా ఆ సినిమాను సరిగ్గా పట్టుకున్నది ఆ మాటే. అది కలా నిజమా అన్నది చివరిదాకా తేలదు.

‘అనుగ్రహం’ 1978లో వచ్చింది. తీసినవారు శ్యాం బెనెగల్. ‘అంకుర్’, ‘నిశాంత్’, ‘మంథన్’, ‘భూమిక’ల తర్వాత ఆయన దీన్ని హిందీలో ‘కొండూరా’ పేరుతోనూ, తెలుగులో ‘అనుగ్రహం’ పేరుతోనూ తీశారు. హైదరాబాదు దగ్గర తిరుమలగిరిలో పుట్టిపెరిగిన మనిషి కాబట్టి తెలుగు నేల ఆయనకు కొత్త కాదు. మూలం మరాఠీ నవల. చి. త్ర్యం. ఖానోల్కర్ 1966లో రాశారు. ఆ కథను కొంకణ తీరం నుంచి తెలుగు సముద్రపు ఒడ్డుకు మార్చారు. తెలుగు మాటలు ఆరుద్రవి, సంగీతం వనరాజ్ భాటియాది, ఛాయాగ్రహణం గోవింద్ నిహలానీది. అనంత్ నాగ్, వాణిశ్రీ భార్యాభర్తలు. స్మితా పాటిల్, అమ్రీష్ పురి, తెలుగులో జమీందారుగా మన రావు గోపాలరావు. ఇంతమంది ఉద్దండులున్న సినిమా మా వూరి హాలుకు వచ్చినట్టు మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

కథ ఇదీ. పరశురాం అనే యువకుడు సంపాదన లేక అన్న పంచన వుంటాడు. ఇంట్లో మాట పడి, రోషంతో బయటికి నడుస్తాడు. సముద్రపు ఒడ్డున అతనికి కొండూరా స్వామి కనిపిస్తాడు. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లో మాంత్రికుడుగా పిల్లల్ని హడలగొట్టిన అమ్రీష్ పురియే ఈ స్వామి. ఆయన పరశురాంకు ఒక వేరు ఇస్తాడు. గర్భం పోగొట్టగల శక్తి దానికుంది. అయితే షరతు ఒకటి. పుచ్చుకున్నవాడు బ్రహ్మచర్యం పాటించాలి. ఇంటికి వచ్చాక అతనికి అమ్మవారు కనిపించి గుడి బాగుచేయించమంటుంది. నిన్నటిదాకా పనికిరానివాడన్న జనమే కాళ్ళకు మొక్కుతారు. గుడి కట్టడానికి డబ్బు కావాలి. అది వూరి పెత్తందారు భైరవమూర్తి దగ్గర వుంది. అతను మంచివాడు కాదు. ఆ ఇంటి కోడలు పార్వతిలో (స్మితా పాటిల్) పరశురాంకు అమ్మవారే కనబడుతుంది. ఆమె గర్భవతి అని తెలిసినప్పుడు అది మామగారి పాపమేనని తనకు తానే తీర్మానించుకుంటాడు. వేరు చేతిలోనే వుంది కదా!

మిగతాది చెప్పను. దొరికితే చూడండి.

స్వామి నిజంగా వున్నాడా? అమ్మవారు కనబడిందా, లేక అవమానపడిన మగవాడి మనసు తనకు కావలసిన కల తానే కల్పించుకుందా? సినిమా తేల్చదు. సముద్రం, రాళ్ళు, గుడి, ఇల్లు ఒకదానిలోకి ఒకటి జారిపోతూ వుంటాయి. ఇక్కడ కల మొదలైందని చెప్పే పొగలూ, గంటలూ ఏమీ వుండవు. సముద్రమే చూడని మా ఇంటి ఆడవాళ్ళకు అది మరీ కలలాగే తోచింది. అలాగని పూర్తిగా పరాయిదీ కాదు. నల్లమల గుహల్లో నవ నారసింహులున్న అహోబిలం మాకు పాతిక కిలోమీటర్లు. కొండల్లో స్వాములు, కలలో దేవుడు, వేళ్ళు, పసర్లు, ఇవన్నీ మేం పుట్టినప్పటినుంచీ వింటున్నవే.

“ఎనక్కు తిప్పు అమ్మీ”

సినిమా అయిపోయింది. ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు చిన్నమ్మ, “అమ్మీ, దాన్ని ఎనక్కు తిప్పు. వాణిశ్రీ వచ్చేవే చూద్దాం” అంది.

పిల్లవాడు చూపించిన మీటలు నాకు గుర్తున్నాయి. వెనక్కు తిప్పి, ఆపి, మళ్ళీ తిప్పాను. బొమ్మ ఆపినప్పుడల్లా తెరమీద అడ్డంగా గీతలు పడి వాణిశ్రీ ముఖం వణికేది. మొదటిసారి చూసినప్పుడు మా కళ్ళన్నీ పరశురాం మీదే వున్నాయి. స్వామిని చూసింది అతను, కలలు అతనివి, కష్టం అతనిది. రెండోసారి ఆమెను మాత్రమే చూస్తే అది వేరే సినిమా అయిపోయింది. బ్రహ్మచర్యం అతను పుచ్చుకున్నాడు. అది ఆమెకు కూడా పడిన శిక్షేనని ఒక్కరికీ తోచదు. పిల్లలు లేని ఇల్లాలికి భర్త తెచ్చిన వరం గర్భం పోగొట్టే వేరు! ఆమెను స్వామీ అడగలేదు, దేవతా అడగలేదు, కట్టుకున్నవాడూ అడగలేదు. వేరు ఒకరి చేతిలో, కడుపు ఇంకొకరిది.

“పార్వతిని కూడా అడగలే కదా” అంది మా పెద్దమ్మ. “ఆయమ్మను అమ్మవారనుకున్నోడు, ఒక్క మాట అడిగుంటే పోయేది కాదా?”

చిన్నమ్మ ఏమీ అనలేదు. తెల్లారి కాఫీలప్పుడు మాత్రం అందరిముందూ చిన్నాయనతో ఒక మాట చెప్పింది. “నేను ఆ పసరు తాగను. కర్నూలుకు పోదాం. డాక్టరు దగ్గర నేనూ చూపించుకుంటా, నువ్వూ చూపించుకో.”

ఇల్లంతా నిశ్శబ్దం అయిపోయింది. ‘నువ్వూ చూపించుకో’ అనే మాట ఆ రోజుల్లో ఒక ఆడది అనగలిగేది కాదు. సంతానం లేని జంటల్లో దాదాపు సగం సందర్భాల్లో మగవారి వైపునుంచి కూడా లోపం వుంటుందని, మగవారి పరీక్షే అన్నిటికంటే తేలికైనదని ఇవ్వాళ ఏ డాక్టరైనా చెబుతారు. అప్పుడు మాత్రం గొడ్రాలు అన్న మాటకు మగవాళ్ళకు సరిపడే మాటే వాడుకలో లేదు. జేజి కేకలేసింది. చిన్నాయన ఆరునెలలు మాట దాటేశాడు. చిన్నమ్మ మాత్రం పసరు ముట్టలేదు. చివరికి ఇద్దరూ కర్నూలు వెళ్ళారు.

ఆ తర్వాత ఆమెకు కవలలు పుట్టారని రాస్తే కథకు బాగుండేది. పుట్టలేదు. అయితే ఆ పరీక్షల తర్వాత ఆమెను పక్కకు జరగమన్నవాళ్ళు లేరు. ఒకవేళ ఎవరైనా అనబోయినా చిన్నాయనే అడ్డుపడేవాడు. ఎవరూ అడగని ఆ క్యాసెట్టును షాపునుంచి కొని తెచ్చిచ్చింది కూడా ఆయనే.

కలల సినిమాకు ఇల్లే హాలు

ఒక సినిమా మనుషుల్ని మార్చేస్తుందని నేను అనను. చిన్నమ్మలో ఆ మాట ఎప్పటినుంచో వుంది. కాకపోతే ఈ రకం సినిమా హాల్లో ఒక్కసారి చూస్తే లొంగదు. ‘అర్థం కాలేదు’ అని లేచి వచ్చేస్తాం. ఇంట్లో అయితే ఆపవచ్చు, పక్కవాళ్ళతో మాట్లాడవచ్చు, మనకు కావలసిన మనిషిని వెనక్కు తిప్పి మళ్ళీ చూడవచ్చు. వీడియో మన ఆడవాళ్ళకు ఇచ్చిన సౌకర్యాల్లో ఇదే పెద్దదని నాకనిపిస్తుంది.

ఇలా ఇళ్ళలోనే బతికిన చిత్రమైన సినిమాలు ఇంకా వున్నాయి. కమల్ స్వరూప్ తీసిన హిందీ సినిమా ‘ఓం దర్ బదర్’ అందుకు మంచి ఉదాహరణ. అజ్మీర్ కుర్రవాడు ఓం, ఉద్యోగం మానేసి జ్యోతిషం చెప్పే తండ్రి, సైకిలు తొక్కే అక్క గాయత్రి, కప్పల కడుపులో వజ్రాలు! దానికి కథ అడిగితే చెప్పడం కష్టం. 1988లో తయారై బెర్లిన్ చిత్రోత్సవానికి కూడా వెళ్ళిన ఈ చిత్రం మన దేశంలో హాళ్ళకు వచ్చింది 2014 జనవరిలో. మధ్యనున్న పాతికేళ్ళూ క్యాసెట్టు నుంచి క్యాసెట్టుకు ఎక్కించుకుంటూ, బొమ్మ అలుక్కుపోయినా సరే, సినిమా పిచ్చివాళ్ళు దాన్ని చేతులు మార్చుకుంటూ బతికించారు.

సత్యజిత్ రాయ్ 1960లో తీసిన ‘దేవి’ని కూడా ‘అనుగ్రహం’ పక్కన పెట్టి చూడాలి. అందులో ఒక మామగారికి కోడలే కాళికాదేవి అని కల వస్తుంది. పదిహేడేళ్ళ పిల్లను పీటమీద కూర్చోబెట్టి హారతులిస్తారు. కల ఆయనది, దాన్ని మోయాల్సింది షర్మిలా టాగూర్. అమెరికాలో క్రైటీరియన్ సంస్థ 2021లో దీన్ని శుభ్రం చేసిన ప్రతితో డిస్కుగా విడుదల చేసింది. బెనెగల్ ‘మంథన్’ను కూడా ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్ళు బాగుచేయగా, 2024 మే నెలలో కాన్ చిత్రోత్సవంలో ప్రదర్శించారు. అదే ఏడాది డిసెంబరు 23న బెనెగల్ కన్నుమూశారు. ‘అనుగ్రహం’ కూడా అలా శుభ్రమైన బొమ్మతో, తెలుగు మాటలతో ఇళ్ళకు రావాలని నా కోరిక.

మీ ఇంట్లో క్యాసెట్లు వుంటే

మీ ఇంట్లోనూ ట్రంకుపెట్టెల్లో క్యాసెట్లు వుండే వుంటాయి. పెళ్ళిళ్ళవి, సీమంతాలవి, ఇప్పుడు లేని పెద్దవాళ్ళు నవ్వుతున్నవి. మేం తెలుసుకున్న నాలుగు విషయాలు చెబుతాను.

టేపుమీద తెల్ల బూజు కనిపిస్తే తొందరపడి వీసీఆర్‌లో పెట్టకండి. బూజు హెడ్డుకు అంటుకుని, తర్వాత పెట్టిన మంచి క్యాసెట్టును కూడా పాడు చేస్తుంది. టేపును నీళ్ళతో, తడిగుడ్డతో తుడవకండి. ఈ పని తెలిసినవాళ్ళ చేత చేయించండి.

క్యాసెట్లను పుస్తకాల్లా నిలబెట్టి వుంచండి. తడి తగిలే గోడ పక్కనా, స్పీకర్లు వంటి అయస్కాంతం వుండే వస్తువుల దగ్గరా పెట్టవద్దు. టేపుమీది బొమ్మ నిలిచేది అయస్కాంత శక్తి వల్లనే కదా.

ఆలస్యం చేయవద్దు. వీసీఆర్‌లు తయారుచేసే చివరి కంపెనీగా మిగిలిన జపాన్ ఫునాయ్ కూడా 2016 జులైలో వాటిని ఆపేసింది. ఇక వున్నవే వున్నాయి. వెనకటి రోజుల్లో పెళ్ళి వీడియోలు తీసిన స్టూడియోల్లో అడిగి చూడండి. కొంతమంది పాత మెషీను దాచుకుని వుంటారు. కంప్యూటరులోకి ఎక్కించాక ఒకటి కాదు, రెండు చోట్ల దాచండి.

మా క్యాసెట్టును నంద్యాలలో అలాంటి ఒక పాత స్టూడియో ఆయన శుభ్రం చేసి పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇచ్చాడు. మొదటి పది నిమిషాలు పోయాయి. సముద్రం ఊదారంగుకు తిరిగింది. శబ్దం అక్కడక్కడ మునిగిపోతుంది. మిగతా సినిమా వుంది.

మళ్ళీ ఆళ్ళగడ్డలో

ఉగాదికి దాన్ని పట్టుకుని మా అమ్మాయీ నేనూ ఆళ్ళగడ్డ వెళ్ళాం. సిరివెళ్ళ దాటాక మా అమ్మాయి, “ఇంత పాడైపోయిన బొమ్మను ఎలా చూస్తారమ్మా?” అంది. దాని చేతిలో ఫోను వుంది. కావలసిన సినిమా కావలసినప్పుడు చూసే పిల్ల. ఒక్క క్యాసెట్టు కోసం ఇంత తిరగడం దానికి వింతగానే వుంటుంది.

చిన్నమ్మ ఇంటి వీధి మొదట్లో ఎప్పటిలాగే ఉలి చప్పుడు. ఆళ్ళగడ్డ శిల్పులు చెక్కే దేవతామూర్తులు ఎక్కడెక్కడి గుళ్ళకో పోతాయి. సగం చెక్కిన అమ్మవారి విగ్రహాలు బయటే నిలబెట్టి వున్నాయి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక లాప్‌టాప్ ముందు ముగ్గురం కూర్చున్నాం. చిన్నాయన పోయి నాలుగేళ్ళయింది. చిన్నమ్మకు డెబ్బై దాటాయి. కళ్ళద్దాలు తుడుచుకుని దగ్గరికి జరిగింది. మొదట ఫోను చూసుకుంటూ కూర్చున్న మా అమ్మాయి, వేరు ఇచ్చే ఘట్టం దాటాక దాన్ని పక్కన పెట్టేసింది. పరశురాం కాళ్ళకు జనం మొక్కుతుంటే, “వాళ్ళావిణ్ణి ఎవరూ ఏమీ అడగరేంటి అవ్వా?” అంది.

చిన్నమ్మ నావైపు చూసి నవ్వింది. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆమె దాచింది ఆ ప్రశ్ననే.

“ఇంకా వుంది, చూడు” అంది మా అమ్మాయితో. సినిమా అయ్యాక మా అమ్మాయి అడగకముందే తన చేతితోనే బొమ్మను వెనక్కు జరపడానికి ప్రయత్నించింది. గీత ఎక్కడికో పోయింది. “యాడికి పోయిందిమే వాణిశ్రీ?” అని కంగారు పడింది. మా అమ్మాయి ఆమె వేలు పట్టుకుని సరిగ్గా ఎక్కడ ఆపాలో చూపించింది. ఈసారి బొమ్మ వణకలేదు.